అంకె పుట్టిన ఊరు

(ఒంగోలులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా అర్థశాస్త్ర విద్యార్థులతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నిరుడు ఒక ఎం.ఏ. విద్యార్థిని తన ప్రాజెక్టు నివేదిక తీసుకుని మా ఇంటికి వచ్చింది. ప్రకాశం జిల్లా జనాభా ఒక పత్రంలో సుమారు 34 లక్షలు, మరో పత్రంలో సుమారు 23 లక్షలు. తగ్గిన 11 లక్షల మందినీ వలసల ఖాతాలో రాసింది. రెండూ ప్రభుత్వ పత్రాలే, రెండు అంకెలూ సరైనవే. అసలు రెండూ 2011 జనాభా లెక్కలవే. 2022 ఏప్రిల్ 4న చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్ల జిల్లాకు, కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాకు వెళ్లాయి. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, జిల్లా సరిహద్దు గీతే పక్కకు జరిగింది.

ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. అంకెలు ఎక్కడ దొరుకుతాయో పిల్లలకు చెబుతున్నాం. ఆ అంకెను ఎవరు, ఎప్పుడు, ఏ సరిహద్దుల మధ్య లెక్కపెట్టారో అడగడం మాత్రం నేర్పడం లేదు. ఆ లోటు ఉపాధ్యాయులమైన మాదే.

ముందు గ్రంథాలయం సంగతి. మన పౌర గ్రంథాలయాలు 1960 నాటి చట్టం కింద, ఇంటిపన్నుతో పాటు మీ తల్లిదండ్రులు కట్టే గ్రంథాలయ పన్నుతో నడుస్తున్నాయి. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో అమర్చే డ్యూయీ పద్ధతిలో అర్థశాస్త్రం 330 దగ్గర మొదలవుతుంది. బ్యాంకింగు 332, వ్యవసాయం, పరిశ్రమలు 338. అయితే అక్కడే ఆగవద్దు. రిఫరెన్సు విభాగంలో జిల్లా జనాభా లెక్కల పుస్తకం ఉందేమో అడగండి. ఊరి వారీగా బడి, రోడ్డు, సాగునీటి వివరాలు అందులో ఉంటాయి. పాత పత్రికలు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో ఒక రోజంతా కూర్చోవడం ఏ తరగతి పాఠానికీ తీసిపోదు.

ఒంగోలు పాత ఆర్థిక చరిత్ర వెతికేవాళ్లు గుంటూరు పుస్తకాలతోనే సరిపెట్టుకోకూడదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే బాస్వెల్ 1873లో తెచ్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ మనకూ ఆధారమే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు. చూశారా, ఇక్కడా గీతే జరిగింది.

ఇక ఆన్‌లైన్ వనరులు. పేర్ల జాబితా కంటే ఒక ప్రశ్న వెంట నడవడం మేలు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. మరి ఖజానా ఎంత కోల్పోయింది? ఆ లోటును దేనితో పూడ్చుకున్నారు? రిజర్వు బ్యాంకు ఏటా రాష్ట్రాల ఆర్థిక స్థితిపై ప్రచురించే బడ్జెట్ల అధ్యయనంలో ఎక్సైజు ఆదాయం, అమ్మకపు పన్ను వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. అంకెల వెనుక ఆ గ్రామీణ స్త్రీల ముఖాలు కనిపించినప్పుడే ప్రభుత్వ ఆదాయవ్యయాల పాఠం మీకు పట్టుబడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆనాటి ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కూడా కలిసిన రాష్ట్రం.

నాకు చాలా ఇష్టమైనది మరొకటి ఉంది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టింది. తర్వాతి కాలంలో ఉమ్మడి ప్రకాశం జిల్లా నుంచి పమిడిపాడు, జె.సి. అగ్రహారం వాటిలో చేరాయి. కుటుంబాల ఆదాయం, ఖర్చు, కూలి, పంట, అప్పు అన్నీ నమోదు చేశారు. ఎక్కడెక్కడి పరిశోధకులో వాడుకునే సమాచారం మన పొలాల గట్ల మీద పుట్టింది. దాన్ని మన పిల్లలే చూడకపోతే నాకు బాధగా ఉంటుంది.

పొగాకు మీదో రొయ్యల సాగు మీదో రాయాలనుకుంటే సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం ‘శోధగంగ’లో వెతకండి. శ్రీవేంకటేశ్వర, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు అక్కడ ఉచితం. ముందుగా చివరి పేజీల్లోని గ్రంథసూచి చదవండి. ఆ పరిశోధకుడు ఏళ్ల తరబడి వెతికినది మీ చేతికి వచ్చినట్టే. పాఠాలకు ‘స్వయం’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ఉంది, పుస్తకాలకు జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఖరీదైన పరిశోధన పత్రికల కోసం 2025 జనవరిలో ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం మొదలైంది. ప్రభుత్వ విద్యాసంస్థల వారికి సుమారు 13,000 పత్రికలు దీని ద్వారా అందుతాయి. మీ కళాశాలకు వర్తిస్తుందేమో రేపే లైబ్రేరియన్‌ను అడగండి.

దొరికిన ప్రతి పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికను కూడా మీ నోట్సులో రాసుకోండి. జాతీయాదాయాన్ని 2004-05 ధరలతో లెక్కకట్టారా, 2011-12 ధరలతోనా అన్నది అక్కడే ఉంటుంది. ఆ రెండింటినీ సర్దుబాటు చేయకుండా ఒకే వరుసలో కలపకూడదు.

రేపు ఉదయం పది గంటలకు నేను ఇక్కడి రిఫరెన్సు విభాగంలో ఉంటాను. మీ ఊరి పేరు, ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని రండి. కలిసి వెతుకుదాం.