అడోబో అనేది ఒక కూర పేరు కాదండీ!

(మొదటి షాట్: వంటగది గట్టు మీద ఒక సీసా. లోపల ఎర్ర మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం ముక్కలు. సీసా దగ్గర మొదలై కెమెరా నా వైపు తిరుగుతుంది.)

"ఫిలిప్పీన్స్ వెళ్లొచ్చాం బ్రో, అడోబో తిన్నాం. పర్లేదు, కొంచెం పుల్లగా ఉంది. అంతే, వాళ్ల తిండిలో పెద్దగా ఏం లేదు."

ఈ మాట ఈ మధ్య నాకు కనీసం నలుగురు చెప్పారు. 2025లో మనవాళ్లకి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదన్నాక వెళ్లేవాళ్లు పెరిగారు, ఈ డైలాగూ పెరిగింది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

ఒక్క నిమిషం ఊహించుకోండి. ఒక ఫిలిప్పీనో హైదరాబాద్ వచ్చాడు. ఏదో హోటల్లో ఒక పూట బెండకాయ పులుసు తిన్నాడు. వాళ్ల ఊరెళ్లి "తెలుగోళ్ల పులుసు తిన్నాను, అయిపోయింది" అన్నాడు. మనం ఊరుకుంటామా? ఏ పులుసు తిన్నావయ్యా? నెల్లూరు చేపల పులుసా? తెలంగాణ పచ్చి పులుసా? మజ్జిగ పులుసా? గోదారి పులసతో పెట్టిన పులుసా? దాని కోసం పుస్తెలమ్ముకోమన్నారు కదా మనవాళ్లు!

అడోబో కూడా అంతే. అది కూర పేరు కాదు, వండే పద్ధతి పేరు. వెనిగర్, ఉప్పు, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు వేసి, సన్నని మంట మీద మగ్గబెడితే అడోబో. అందులో కోడి వేస్తారా, పంది వేస్తారా అన్నది వండేవాళ్ల ఇష్టం. కాంగ్‌కాంగ్ వేసినా అడోబోనే. కాంగ్‌కాంగ్ అంటే ఏంటో అనుకునేరు, మన తూటికూర.

మనీలాలో మీరు తిన్న ఆ నల్లటిది సోయా సాస్ వేసిన రకం. సోయా చైనా వర్తకులతో వచ్చింది. అది లేకుండా తెల్లగా చేసేదాన్ని 'అడోబోంగ్ పుటీ' అంటారు. బతంగాస్ వైపు పసుపు వేస్తారు. బికోల్ వైపు కొబ్బరిపాలు పోస్తారు. స్క్విడ్‌తో చేస్తే దాని సిరాతోనే కూరంతా నల్లబడుతుంది. ఒకే పద్ధతి, ఊరికో రంగు. మన పులుసు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తా.

ఇంకో తమాషా ఏంటంటే, అడోబో అన్న పేరు కూడా వాళ్లది కాదు. స్పానిష్ వాళ్లకి వెనిగర్‌లో మాంసం నానబెట్టే పద్ధతి ఒకటుంది, దాని పేరు అడోబో. ఫిలిప్పీన్స్ వచ్చి చూస్తే స్థానికులు అప్పటికే వెనిగర్‌తో వండుకుంటున్నారు. 1613లో ఒక స్పానిష్ ఫాదర్ అచ్చు వేయించిన తగలోగ్ భాష నిఘంటువులో దీన్ని 'స్థానికుల అడోబో' అని రాసుకున్నాడు. ఆ పేరే ఉండిపోయింది. తమిళుల మిళగు తణ్ణిని దొరలు ముల్లిగటానీ సూప్ చేసి పెట్టారు చూడండి, అలాంటి వ్యవహారమే.

సరే, అసలు విషయానికొద్దాం. వాళ్ల తిండి అర్థం కావాలంటే ముందు పులుపు అర్థం కావాలి. ఊరు మారితే పులుపు మారుతుంది. పులుపు మారితే కూర మారుతుంది.

(సీసా చేతిలోకి తీసుకుంటాను.)

ఇది సినమక్. ఇలోయిలో అనే ఊళ్లో ప్రతి హోటల్ బల్ల మీదా ఉంటుంది. ఇందులో ఉన్నది ఏమనుకుంటున్నారు? కల్లండీ. నిజంగా కల్లే. కొబ్బరిచెట్టు ఎక్కి, పువ్వు గెలని కోసి, కారే కల్లుని పట్టుకుంటారు. దాన్ని టూబా అంటారు. అక్కడి గీత కార్మికుడు కూడా మన గౌడన్నలాగే నడుముకి కత్తి కట్టుకుని పొద్దున్నే చెట్టెక్కుతాడు. విసయాస్ దీవుల్లో అందులో మడచెట్టు బెరడు వేస్తారు, దాంతో ఎర్రగా మారుతుంది. తాజాగా తాగితే టూబా. వారాల తరబడి పులియనిస్తే వెనిగర్, ఈ సీసాలో ఉన్నది అదే.

మనమేం చేస్తాం? పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతే 'పాడైంది' అని మొహం తిప్పుకుంటాం. వాళ్లు ఆ పాడైన దాని చుట్టూ ఒక దేశం వంటంతా కట్టుకున్నారు. నాకు ఈ విషయం తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. కొంచెం అతిగా చెప్తున్నానేమో, కానీ దాదాపు అంతే.

కొబ్బరి ఒక్కటే కాదు. ఉత్తరాన ఇలోకోస్‌లో చెరుకు వెనిగర్, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మనీలా పక్కనే బులకాన్‌లో నీపా అనే మడ ప్రాంతపు తాటి జాతి చెట్టు నుంచి తీస్తారు. ఒకే కోడితో, ఒకే వెల్లుల్లితో ఈ మూడు వెనిగర్లూ వేసి వండితే మూడు రుచులు. అడోబో వండేవాళ్లు ఇంకో మాట చెప్తారు: వెనిగర్ పోశాక ఒక పొంగు వచ్చేదాకా గరిటె పెట్టొద్దు. పచ్చి వాసన అలాగే ఉండిపోతుందట. మా అమ్మ చింతపండు పులుసుకి ఇదే గొడవ చేస్తుంది, "ఉడకనీరా, అప్పుడే కెలక్కు" అని.

చింతపండు అన్నాను కదా. అది కూడా ఉంది. సినిగాంగ్ అని పులుపు చారు. మనీలా వైపు చింతకాయతో చేస్తారు. చింతని వాళ్లు సాంపలోక్ అంటారు, మనీలాలో ఒక పేటకి ఆ పేరే ఉంది, మన చింతలబస్తీ లాగా. లోపల పంది మాంసం, ముల్లంగి, చేమదుంప, తూటికూర, పొడవు చిక్కుళ్లు. ఆ పంది ముక్కలు తీసేసి చూడండి, దప్పళానికి పెదనాన్న కొడుకులా ఉంటుంది. ఊరు మారితే చింతకాయ బదులు జామకాయ, పచ్చి మామిడి, బిలింబి కాయ. చూశారా, మళ్లీ పులుసే.

ఇలోయిలోలో ఒక మధ్యాహ్నం మార్కెట్ పక్కన చిన్న హోటల్లో కూర్చున్నాను. 'కేబీఎల్' అని బోర్డు మీద ఉంది. ఏదో ఫ్యాన్సీ పేరనుకున్నా. గిన్నె వచ్చింది. నల్లటి చారు, అందులో గుండ్రటి గింజలు, పీచుగా ఏవో ముక్కలు. ఒక గింజ నోట్లో వేసుకున్నా. కంది! పచ్చి కందికాయ ఉడకబెట్టుకుని తింటామే, ఆ రుచి. పీచు ముక్క తీసి చూస్తే పనసకాయ. కే అంటే కాద్యోస్, అంటే కందులు. బీ అంటే బాబోయ్, అంటే పంది. (నిజంగానే బాబోయ్. నవ్వకండి.) ఎల్ అంటే లాంగ్కా, పనస. పులుపుకి బాట్వాన్ అనే చిన్న పచ్చటి కాయ, మన కోకం జాతిది. ఇది మనీలాలో వెతికితే అంత సులువుగా దొరకదు. అడోబో తిని తిరుగు ఫ్లైటెక్కినవాళ్లకి ఇది ఉందని కూడా తెలీదు. అన్నట్టు, 2023లో యునెస్కో ఇలోయిలోని వంటల నగరాల జాబితాలో చేర్చింది. ఊరికే చేర్చలేదు.

అదే ఊళ్లో లా పాజ్ మార్కెట్ పేరు మీద లా పాజ్ బాచోయ్ ఉంది, నూడుల్స్, లివర్, పైన కరకరలాడే పంది చర్మం. ఉదయం పూటే తినండి.

ఇప్పుడు సిసిగ్. యూట్యూబ్‌లో అందరూ చూపిస్తారు, సుయ్‌మనే పెనం, మీద గుడ్డు, మయొనైజ్. అసలు సిసిగ్ అంటే ఏంటో తెలుసా? పుల్లటిది తినడం! 1732 నాటి పంపంగా భాష నిఘంటువులో ఈ మాట ఉంది, అప్పట్లో అది పచ్చికాయలకి వెనిగర్ పట్టించిన సలాడ్ లాంటిది. మాంసం ముచ్చట తర్వాత వచ్చింది. పంపంగాలో ఆంజెలెస్ అనే ఊరు, పక్కనే అప్పట్లో క్లార్క్ అనే అమెరికా వైమానిక స్థావరం ఉండేది. వాళ్లు వాడని పంది తలకాయలు అక్కడివాళ్లకి చవగ్గా దొరికేవి. లూసియా కునానన్ అనే ఆవిడ, అందరూ ఆలింగ్ లూసింగ్ అంటారు, 1970లలో ఆ పంది చెవులు, దవడలు ఉడకబెట్టి, కాల్చి, సన్నగా తరిగి అమ్మడంతో పేరొచ్చింది. 2017లో ఆంజెలెస్ నగరం దీన్ని తమ వారసత్వంగా ప్రకటిస్తూ ఆర్డినెన్స్ కూడా తెచ్చింది. మయొనైజ్ వేస్తే అక్కడివాళ్లు మొహం ఎలా పెడతారో... పచ్చి పులుసులో ఎవరైనా క్రీమ్ వేస్తే మీరెలా పెడతారో అలా.

"కారం ఉండదు బ్రో" అనేవాళ్లకి ఒకటే మాట: బికోల్ వెళ్లండి. మాయోన్ అగ్నిపర్వతం చుట్టుపక్కల ప్రాంతం. లాయింగ్ అని ఎండబెట్టిన చేమాకుని కొబ్బరిపాలల్లో మిరపకాయలతో గంటల సేపు ఉడికిస్తారు. మనం చేమాకుతో పులుసు పెట్టినట్టే, అక్కడ దురద పోగొట్టే పని చింతపండు బదులు ఎండా, మంటా చూసుకుంటాయి. బికోల్ ఎక్స్‌ప్రెస్ అని ఇంకోటి, పంది, కొబ్బరిపాలు, రొయ్యల ముద్ద, చేతికి దొరికినన్ని మిరపకాయలు. పేరు రైలు పేరు. లెగాస్పిలో మిరపకాయ ఐస్‌క్రీమ్ కూడా అమ్ముతారు. తిన్నాను. ఒక చెంచా చాలు.

(మా ఎడిటర్ వేళ్లతో ఇంకా రెండు నిమిషాలే అంటున్నాడు. అబ్బా, సగం కూడా కాలేదు.)

గబగబా చెప్తా. సెబూ: లెచోన్, పంది కడుపులో నిమ్మగడ్డి కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. సాస్ అడక్కండి, అక్కడ అది అవమానం. పక్కన కొబ్బరాకు బుట్టలో ఉడికిన అన్నం, పూసో. బాకోలోడ్: ఇనసల్, బొగ్గుల మీద కాల్చిన కోడి. ఉత్తరాన విగన్ అనే ఊరు: ఎంపనాడా, నారింజ రంగు పిండి, లోపల బొప్పాయి, గుడ్డు, సాసేజ్.

శాకాహారులు ఆగండి, ఇది ముఖ్యం. ఇలోకోస్ పినక్‌బెట్‌లో వంకాయ, కాకరకాయ, బెండకాయ కనపడతాయి, నోరూరుతుంది. కానీ అందులో బగోఓంగ్ ఉంటుంది, అంటే పులియబెట్టిన చేప. కూరగాయల కూర అనగానే నమ్మేయకండి.

పంది, ఆల్కహాల్ వద్దనుకునేవాళ్లు దక్షిణాన మిండనావ్ దీవి వైపు చూడండి. మరనావో ముస్లింల పలపా ఉంది, ఉల్లికాడ లాంటి దుంప, అల్లం, మిరప దంచిన ముద్ద, మన రోటి పచ్చడి పక్కన పెట్టొచ్చు. తవ్‌సుగ్ ముస్లింల తియులా ఇటుమ్, కొబ్బరిని నల్లగా మాడ్చి ఆ మాడుతో చేసే నల్లటి మాంసం చారు. అదే దీవిలో దావావ్ అనే ఊళ్లో మన తెలుగు మెడికోలు చాలామంది ఉన్నారు, మా కజిన్ కూడా అక్కడే చదివాడు. ఐదేళ్లలో వాడు తిన్నది అన్నం, గుడ్డు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ. వాడి మీద నాకింకా కోపం తగ్గలేదు.

హోటల్ మెనూ కోసం చూడకండి. గిన్నెలు వరసగా పెట్టి ఉండే చిన్న చోట్లకి వెళ్లండి, తూరో-తూరో అంటారు, అంటే 'చూపించు చూపించు'. మూత తీసి చూసి వేలు పెట్టి చూపిస్తే చాలు. "అనోంగ్ ఉలమ్?" అని అడగండి, ఇవాళ కూరేంటి అని. ఉలమ్ అంటే అన్నంలోకి కలుపుకునేది. ఆ మాట అంటే అక్కడి ఆంటీలు ఇంకో గరిటె వేస్తారు.

సరే, సరే, ఆపేస్తున్నా. ఒక్కటి. సినమక్ సీసా తెచ్చుకుంటే చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి, మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో. నేనొక్క కవరే వేశాను. ఆ నీలం చొక్కా మూడు ఉతుకులైనా ఇంకా వెల్లుల్లి వాసనే.