సరిహద్దు గస్తీ, దివిటిపల్లి బ్యాటరీ

శ్రోతలకు నమస్కారం. చైనాతో మన సంబంధాలు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలకు దూరపు సంగతి కాదు. 2020 జూన్ 15న గాల్వన్ లోయలో వీరమరణం పొందిన 20 మంది సైనికుల్లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. మహబూబ్‌నగర్ పక్కనే దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 2023 మే నెలలో లిథియం అయాన్ బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన చేసి, మరుసటి ఏడాది సెల్ తయారీ పరిజ్ఞానం కోసం చైనా కంపెనీ గోషన్ హైటెక్‌కు స్లొవాకియాలో ఉన్న అనుబంధ సంస్థతో లైసెన్సు ఒప్పందం కుదుర్చుకున్నది.

సైనికులను పోగొట్టుకున్న మనం అదే దేశపు పరిజ్ఞానాన్ని కొనుక్కోవడం చాలామందికి మింగుడుపడదు, అది సహజమే. అయితే లిథియం అయాన్ బ్యాటరీల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే పదార్థం అందుకు పనికివస్తుందని 1990లలో చూపినది చైనా కాదు, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం. ఆ పదార్థాన్ని పెద్ద ఎత్తున, చవకగా, ప్రతి సెల్ ఒకే తీరుగా వచ్చేలా తయారుచేయడం మాత్రం చైనా కర్మాగారాల్లో సాధ్యమైంది. సెల్ లోపలి రేకుపై ఆ పదార్థపు పూత ఎంత మందంగా ఉండాలో, గదిలో తేమ ఎంతకు మించకూడదో అక్కడి పనివారు యంత్రాల ముందు నిలబడి ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. పేటెంట్లు లెక్కపెట్టుకుని మురిసిపోయే మన విద్యాసంస్థలు (నేను పనిచేసిన చోట్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు) ఇటువంటి పనిని ఆవిష్కరణగా గుర్తించవు.

2020 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది, గాల్వన్ తరువాత వీసాలూ బిగుసుకున్నాయి. 2024 అక్టోబరులో లడఖ్ సరిహద్దులోని డెప్సాంగ్, డెమ్‌చోక్ ప్రాంతాల్లో గస్తీపై అవగాహన కుదిరి, రష్యాలోని కజాన్‌లో ఇరు దేశాల నేతలు కలిశారు. అయినా 2025 జూలైలో బ్యాటరీ కాథోడ్ (ధన ధ్రువం) తయారీ పరిజ్ఞానం ఎగుమతిపై చైనా ఆంక్షలు విధించింది. అంటే పరిజ్ఞానం దొరకడం ఇంకా సులువు కాలేదు, కాబట్టి పెట్టుబడిని, సాంకేతిక నిపుణుణ్ణి ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం: కంపెనీలో వాటా పెత్తనానికి దారితీయవచ్చు కనుక అక్కడ కట్టడి అవసరం, యంత్రం బిగించి మనవాళ్లకు నేర్పి వెళ్లే నిపుణుడి వీసాను మాత్రం వేగంగా తేల్చాలి.

ఆ నిపుణుడు ఉన్నన్ని రోజుల్లో అతని నుంచి నేర్చుకోగలవారు స్థానికంగా ఉండాలి. అందుకు మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం విద్యుత్ రసాయన శాస్త్రంలో కర్మాగారంతో కలిసి నడిచే కోర్సునూ, చైనా భాషా బోధననూ ఆరంభించవచ్చు. హైదరాబాదులోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో ఆ భాషను ఇప్పటికే బోధిస్తున్నారు కనుక అధ్యాపకుల కోసం దూరం వెతకనక్కరలేదు.