మతమా? మాకట్టాంటివి లేవు!

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో మోకాళ్లు చాపుకుని కూర్చున్న నా ఈడు వాళ్లకు నమస్కారం. అక్టోబర్ 1 వృద్ధుల దినమని 1990లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది కాబట్టి ఇవాళ మనకు శాలువాలు. రేపట్నుంచి మామూలే.

'వృద్ధుల్లో మతం ప్రాధాన్యం, ప్రాంతాల తేడాలు' గురించి మాట్లాడమన్నారు. అంకెలు ముందే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. ప్యూ రీసెర్చ్ సెంటర్ అని అమెరికా సర్వే సంస్థ వాళ్లు 2019-20లో మన దేశంలో దాదాపు 30 వేల మందిని అడిగారు. మతం చాలా ముఖ్యమన్నవాళ్లు మధ్య భారతంలో నూటికి 92 మంది, దక్షిణాదిలో 69 మంది. ఇది అన్ని వయసుల వాళ్లదీ కలిపి. 2018లో వాళ్లే 106 దేశాల లెక్క తీస్తే, 46 దేశాల్లో నలభై లోపు వాళ్లకంటే పెద్దవాళ్లకే మతం ఎక్కువ ముఖ్యమని తేలింది.

మరి దక్షిణాది ముసలమ్మలకు భక్తి తక్కువా? మా అమ్మ సంగతి చెప్తాను.

కార్తీక పౌర్ణమి రెండ్రోజులుందనగా, ఏదో సర్వే అని ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని, వేళ్లకు విభూతి అద్దుకుంటూ వత్తులు చేస్తోంది. 365 వత్తులు. ఏడాది పొడుగునా దీపం తప్పిన రోజులన్నిటికీ కలిపి ఒక్కసారే.

'మామ్మగారూ, మీ జీవితంలో మతం ఎంత ముఖ్యం?'

'మతమా? మనకెందుకు తల్లీ ఆ గొడవలు. మాకట్టాంటివి లేవు.'

ఆ పిల్ల 'ముఖ్యం కాదు' దగ్గర టిక్కు పెట్టుకుంది. అమ్మ నా వంక చూసి, 'ఎంతదాకా వచ్చానురా?' అంది. నూట పన్నెండన్నాను.

మాది తెనాలి పక్కన. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి గారి ఇల్లు, సూతాశ్రమం, తెనాలిలోనే. అటు విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం. ఆ గాలికి, దేవుడు లేడనే ముసలాళ్లు మా వైపు ఊరికి నలుగురైనా దొరుకుతారు. ఎదురింటాయన అలాంటివాడే. అదే అమ్మాయి అడిగితే, 'చాలా ముఖ్యమమ్మా, అరవై ఏళ్లుగా దాంతోనేగా నా పోట్లాట!' అన్నాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఏ గడిలో పడ్డారో!

మా వియ్యపురాలిది సిద్దిపేట. రెండేళ్లకోసారి మేడారం, సమ్మక్కకు ఎత్తు బంగారం, అదే, బెల్లం. ఈ కాళ్లతో ఎందుకమ్మా అంటే, 'మొక్కు తీరాలె గద అన్నయ్యా' అంటుంది. మొక్కు, నోము, పుణ్యం... మన పెద్దాళ్ల నోట వచ్చేవి ఇవి. మతమనే మాట జనాభా లెక్కలప్పుడూ, ఊళ్లో గొడవలప్పుడూ వినపడేది. అడిగేవాళ్ల మాట ఒకటి, బతికేవాళ్ల మాట ఒకటి.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. అసలు నేనొచ్చిందే దీనికి.

ఆ పౌర్ణమికి అమ్మను ఆర్టీసీ బస్సులో పంచారామాలకు తీసుకెళ్లాను. వత్తులు నేతిలో నానేసి, స్టీలు డబ్బాలో పెట్టి ఒళ్లో ఉంచుకుంది. ఐదింట్లో ఒక గుడి, పేరెందుకు లెండి, మెట్లకు పట్టుకునే కమ్మీ లేదు. మూడో మెట్టు మీద ఆగిపోయింది. 'నువ్వెళ్లి వెలిగించి రారా' అని డబ్బా నా చేతిలో పెట్టింది. నేను గుళ్లోకి వెళ్లి అప్పటికి పదేళ్లు. గాలికి నాలుగు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. బయటికొస్తే, 'అంటుకున్నాయా?' అంది.

దేవస్థానం కమిటీల వాళ్లు ఇద్దరు ముగ్గురు ఇక్కడ కనిపిస్తున్నారు. అయ్యా, ఎంత ముఖ్యమో మమ్మల్ని తర్వాత అడుగుదురుగాని. మెట్ల పక్కన రెండంగుళాల ఇనప గొట్టం వేయించండి. చందా పుస్తకం తెస్తే మొదటి పేరు నాది రాసుకోండి.