గ్వాంగ్‌జౌ వెళ్తున్నారా? మొదటి రోజు ఏమీ కొనకండి

అందరికీ నమస్కారమండీ. మైకు కొంచెం కీచుమంటోంది, వెనక వరసల్లో వినపడకపోతే చెయ్యెత్తండి.

అక్టోబరులో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగే కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శనకి మన బజారు నుంచి కొందరు మొదటిసారి బయల్దేరుతున్నారు, నువ్వు వెళ్ళొచ్చావు కదా నాలుగు మాటలు చెప్పు అన్నారు. నాది ఫ్యాన్సీ షాపు. పూసలు, క్లిప్పులు, గిల్టు నగలకి రాళ్ళు, ఇదే నా వ్యాపారం. చైనీస్‌లో నాకొచ్చినవి పది మాటలు, అందులో సగం బేరానికి పనికొచ్చేవే.

మిగతాదంతా మర్చిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి, వెళ్ళిన మొదటి రోజు ఏమీ కొనకండి. రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకండి. మొదటి ట్రిప్పులో నేను పొద్దున దిగి, సాయంత్రానికల్లా ఒక షాపులో జుట్టు క్లిప్పులకి ఆర్డరు పెట్టేశా. చూపించిన శాంపిల్ మెటల్‌ది. ఇంటికొచ్చాక పెట్టెలు విప్పితే సగం సరుకు ప్లాస్టిక్, పైన మెటల్ రంగు పూత! వాళ్ళని తిట్టుకున్నా కానీ తప్పు నాదీ ఉంది. శాంపిల్ నా దగ్గర ఉంచుకోలేదు, ఏ లోహమో కాగితం మీద రాయించలేదు, డబ్బు మొత్తం ముందే కట్టేశా. ఎగుమతి ఆర్డర్లలో ఎక్కువగా నడిచే పద్ధతి 30 శాతం అడ్వాన్సు, సరుకు తయారయ్యాక ఓడెక్కే ముందు మిగతా 70. ఆ రెండింటి మధ్య వెళ్ళి సరుకు చూసుకోవాలి, లేదా మనిషిని పెట్టి చూపించుకోవాలి.

మరి మొదటి రోజు ఏం చెయ్యాలి? ఊరికి పడమటి వైపు లీవాన్ అని పాత పేట ఉంది, అక్కడికి పోయి నడవండి. మెట్రోలో పోవచ్చు, టికెట్టు 2 యువాన్ల నుంచి మొదలు, అంటే మన పాతిక రూపాయల దాకా. కల్చరల్ పార్క్ స్టేషన్‌లో దిగితే, ఒకప్పుడు ప్రపంచమంతా వచ్చి బేరాలాడిన చోట దిగినట్టే. 1757లో చియెన్‌లాంగ్ చక్రవర్తి, పాశ్చాత్య వర్తకులు సముద్రం మీదుగా వచ్చి వ్యాపారం చెయ్యాలంటే ఈ ఒక్క రేవులోనే చెయ్యాలన్నాడు. నది ఒడ్డున వాళ్ళకి కొన్ని కొట్లు కట్టించి ఇచ్చారు, వాటినే పదమూడు హాంగ్‌లు అనేవారు. కోట లోపలికి రాకూడదు, ఆడవాళ్ళని తీసుకురాకూడదు, విదేశీయుడికి చైనీస్ నేర్పితే నేర్పినవాడికి శిక్ష, సీజన్ అయిపోగానే సర్దుకుని పోర్చుగీసువాళ్ళుండే మకావు రేవుకి వెళ్ళిపోవాలి. నాకైతే ఇప్పటి ఫెయిర్ చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది, సీజన్లో రా, కొనుక్కో, వెళ్ళు.

ఇందులో మన దేశం వాటా కూడా ఉంది, అది చెప్పుకోవడానికి అంత బాగుండదు. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ తేయాకు కొనడానికి వెండి పోసీ పోసీ విసిగిపోయి, మన బీహారు వైపు రైతుల చేత నల్లమందు పండించి, కలకత్తాలో వేలం వేసి, ఈ రేవుకి దొంగచాటుగా తోలించారు. 1839లో లిన్ జెషూ అనే అధికారి ఇరవై వేలకు పైగా పెట్టెల నల్లమందు పట్టుకుని నాశనం చేయించాడు, ఆ మీదటే యుద్ధం. 1842 ఒప్పందంతో గ్వాంగ్‌జౌ ఒక్కదానికే ఉన్న హక్కు పోయింది, 1856లో ఆ కొట్లూ తగలబడ్డాయి. ఆ తరవాత ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్ళు పక్కనే షామియెన్ అనే చిన్న దీవిలో ఇళ్ళు కట్టుకున్నారు. అవి ఇప్పటికీ ఉన్నాయి, మర్రి జాతి చెట్ల కింద బెంచీలు, పెళ్ళి ఫొటోలు తీయించుకునే జంటలు. పదమూడు హాంగ్‌ల పేరు మాత్రం చావలేదు. షీసాన్‌హాంగ్ అంటే ఇప్పుడు హోల్‌సేల్ బట్టల మార్కెట్, తెల్లారకుండానే మూటలు కదులుతాయి, మధ్యాహ్నానికి సర్దేస్తారు. పదకొండింటికి తాపీగా వెళ్తే మీకు మిగిలేది ఖాళీ కవర్లే.

అక్కడికి దగ్గర్లోనే హువాలిన్ గుడి. దక్షిణ భారతం నుంచి ఓడెక్కి వచ్చిన బోధిధర్ముడనే బౌద్ధ గురువు ఒడ్డున దిగింది ఇక్కడేనని వాళ్ళ నమ్మకం, ఆ మాట చెక్కిన రాయి కూడా ఉంది. గుడి చుట్టూ జేడ్ రాళ్ళ కొట్లు, ఇంకొంచెం నడిస్తే లీవాన్ ప్లాజా, లోపల అంతస్తులకి అంతస్తులు పూసలూ రాళ్ళే. దండం పెట్టుకుని అటు వెళ్తా నేను. కొనడానికి కాదు, మొదటి రోజు కదా, ధరలు రాసుకోవడానికి.

పొద్దున టీ మాత్రం మానకండి. వాళ్ళు టీ తాగుదాం అంటే ఫలహారం చేద్దామని అర్థం, చిన్న చిన్న వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికినవి ఒక్కొక్కటే వస్తాయి, ముసలివాళ్ళు పేపరు పట్టుకుని గంటలు గంటలు కూర్చుంటారు. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టండి, అదే థాంక్స్. కూజాలో నీళ్ళు కావాలంటే మూత పక్కకి జరిపి పెట్టండి, అరవక్కర్లేదు. శాకాహారులకి టెన్షన్ ఉంటుంది, నిజమే, చాలావాటిలో పంది మాంసమో రొయ్యో ఉంటుంది. జాయ్ ఛోంగ్ అని అడగండి. పలచటి బియ్యప్పిండి జావ పళ్ళెంలో పోసి ఆవిరికి పెట్టి, గీకి, చుట్టి, సోయా సాస్ పోసి ఇస్తారు, లోపల ఏమీ ఉండదు. పూతరేకు తడిగా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మా ఆవిడ ఇచ్చిన కందిపొడి దాని మీద చల్లుకుని తిన్నాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఇక ఫెయిర్. 1957 నుంచి ఏటా రెండుసార్లు, వసంతంలో, శరత్తులో జరుగుతోంది. నదికి ఆవల పజౌలో, ఒక్కరోజులో కాళ్ళు పడిపోయేంత పెద్దది. మూడు విడతలు, ఒక్కో విడతకి సరుకు మారిపోతుంది. శరదృతువులో అయితే అక్టోబరు 15న మొదలయ్యే మొదటి విడతలో యంత్రాలు, ఎలక్ట్రానిక్స్, రెండోదాంట్లో ఇంటి సామాన్లు, గిఫ్టులు, నెలాఖరున మొదలయ్యే మూడోదాంట్లో బట్టలు, బ్యాగులు, బొమ్మలు. విడత చూసుకోకుండా టికెట్లు తీసిన మహానుభావులున్నారు! నా అభిప్రాయం అడిగితే, మనలాంటి చిన్న షాపులవాళ్ళు ఫెయిర్‌లో చూడాలి, మార్కెట్లో కొనాలి. ఫెయిర్‌వాళ్ళు కంటైనర్ల లెక్కలో మాట్లాడతారు, ఊళ్ళో ఈదె రోడ్డు హోల్‌సేల్ కొట్లలోనో జోంగ్‌దా బట్టల తానుల మార్కెట్లోనో కొద్ది కొద్దిగా కూడా ఇస్తారు. అందరికీ కాదు, నాకు కుదిరింది అది.

బొమ్మలు తెద్దామనుకునేవాళ్ళు ఆగండి. 2021 జనవరి నుంచి బీఐఎస్ అనే మన ప్రభుత్వ సంస్థ ఇచ్చే నాణ్యత మార్కు లేని బొమ్మలు మన దేశంలోకి రానివ్వరు, సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. అక్కడ చవగ్గా కనపడింది ఇక్కడికొచ్చేసరికి చవక కాదు.

చైనా కొత్త సంవత్సరం ముందూ వెనకా వెళ్ళకండి, ఫ్యాక్టరీలన్నీ మూసేసి ఊళ్ళకి పోతారు. అక్టోబరు మొదటి వారమూ సెలవులే. హోటల్లో కాకుండా తెలిసినవాళ్ళ ఫ్లాట్‌లో దిగితే 24 గంటల్లోగా పోలీసు స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి, హోటలైతే వాళ్ళే చూసుకుంటారు. ఐదేళ్ళు ఆగిపోయిన డైరెక్ట్ విమానాలు 2025 అక్టోబరులో కలకత్తా నుంచి మళ్ళీ మొదలయ్యాయి. హాంకాంగ్ మీదుగా పోతే రైల్లో గంట ప్రయాణం, కానీ హాంకాంగ్‌లో దిగడానికి మన పాస్‌పోర్టుకి ముందే ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ కావాలి.

హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ పనిచెయ్యవు, మన సిమ్‌కే రోమింగ్ వేయించుకుంటే మామూలుగా నడుస్తాయి. నోట్లు తీసుకుంటారు గానీ చిల్లరకి వెతుక్కుంటారు, కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే. అలీపే అని ఫోన్లో డబ్బు కట్టే వాళ్ళ యాప్ ఉంది, ఇక్కడుండగానే వేసుకోండి. ఏదీ, ప్రయాణం ఉన్నవాళ్ళు ఫోన్లు తీసి ముందుకి రండి, కార్డు ఎలా కలపాలో చూపిస్తాను.