ఫిన్లాండ్ సరస్సుల సీమలో పరుగుదారి ఎక్కడ దొరుకుతుంది?

[తెర మీద: తూర్పు ఫిన్లాండ్ పటం. నీలం మధ్య చెల్లాచెదురుగా ఆకుపచ్చ ముక్కలు. ఒక వేలు సరస్సు అంచు వెంట మెల్లగా కదులుతుంది.]

పరుగు అలవాటున్నవారు కొత్త చోటికి వెళ్లగానే పటం తెరిచి, దగ్గరలో సరస్సు ఉంటే దాని చుట్టూ ఒక చుట్టు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో లెక్కవేసుకుంటారు. చాలాచోట్ల ఇది మంచి ఆలోచనే కానీ, ఫిన్లాండ్ సరస్సుల సీమలో ఆ లెక్క మొదటి రోజే తప్పుతుంది. ఆ దేశంలో 500 చదరపు మీటర్లకు మించిన సరస్సులు 1,87,888 ఉన్నాయి. వాటన్నిటిలో పెద్దదైన సైమా విస్తీర్ణం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు కాగా, దీవుల అంచులను కూడా కలుపుకుంటే దాని ఒడ్డు పొడవు 13,000 కిలోమీటర్లు దాటుతుంది. ఆ ఒడ్డు అడుగడుగునా వంకరలు తిరుగుతుంది కనుక, ఎదురుగా కనిపించే అవతలి గట్టుకు నేల మీద చేరాలంటే సగం రోజు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఒడ్డు వెంట పరుగు కుదరకపోవడానికి మరో కారణం కూడా ఉంది. ఫిన్లాండ్‌లో సుమారు 5 లక్షల వేసవి కుటీరాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు నీటి అంచునే ఉంటాయి. ఆ దేశంలో ప్రతి ఒక్కరికీ, అది పరాయివారి అడవి అయినా సరే, అనుమతి అడగకుండా నడిచే, పరుగెత్తే, స్కీ చేసే హక్కు ఉంది; అడవిలో కాసిన పండ్లూ పుట్టగొడుగులూ ఏరుకునే హక్కు కూడా అందులో భాగమే. అయితే ఆ హక్కు ఇంటి పెరటి దగ్గర ఆగిపోతుంది, పైరున్న పొలానికీ వర్తించదు. కుటీరం, దాని వెనుక ఆవిరిస్నానపు గది, నీటిలోకి దిగే చెక్కవంతెన, ఇవన్నీ పెరటి కిందికే వస్తాయి. అందుకే ఒడ్డు వెంట బయలుదేరినవారు ఒక కిలోమీటరు కూడా గడవకముందే ఎవరో కాఫీ తాగుతున్న వరండా ముందు నిలబడి తలవంచుకుని వెనక్కి తిరగవలసి వస్తుంది. కుటీరాలకు వెళ్లే మట్టిరోడ్ల సంగతీ అంతే. వాటి మీద కాలినడకన వెళ్లడానికి అడ్డు లేకపోయినా, అవి నీటి దగ్గరే ఆగిపోతాయి, ఒకదానితో ఒకటి కలవవు.

మరి దారి ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు 11,000 ఏళ్ల కిందటి మంచులో ఉంది.

[తెర మీద: హిమానీనదం అడ్డుకోత బొమ్మ. మంచు అడుగున ఒక సొరంగం, అందులో సుడులు తిరుగుతూ పారే నీరు.]

ఒకప్పుడు ఈ నేలనంతా కిలోమీటర్ల మందాన మంచు కప్పి ఉండేది. అది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి జరుగుతూ రాతినేలను అదే దిశలో గీకింది. ఆ గీతల్లో నీరు నిలిచి సరస్సులయింది కనుక వాటిలో చాలావరకు అదే దిశలో పొడవుగా సాగి కనిపిస్తాయి. మంచు కరిగే కాలంలో దాని అడుగున సొరంగాలు ఏర్పడి, వాటిలో నదులు ఉరవడిగా పారాయి. ఆ నదులు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్లు సొరంగాల్లో పేరుకున్నాయి. చివరికి మంచు పోయింది, సొరంగం పోయింది, నది పోయింది; నది అడుగున పోగుపడిన ఇసుక మాత్రం పొడవాటి గట్టుగా మిగిలింది. ఇలాంటి గట్టును భూగోళ శాస్త్రంలో ఎస్కర్ అంటారు, ఫిన్నిష్‌లో దాని పేరు హర్యు. నా మటుకు నేను ఆ సీమకు పరుగు కోసం వెళ్లే ఎవరికైనా ముందుగా నేర్పే మాట ఇదే.

[తెర మీద: పుంకాహర్యు గట్టు. సన్నని దారికి రెండు వైపులా పైన్ చెట్లు, చెట్ల సందుల్లోంచి రెండు వైపులా నీరు.]

దీనికి పేరుమోసిన ఉదాహరణ సావొన్‌లిన్నా దగ్గరి పుంకాహర్యు. ఒక పక్క పురువెసి, మరో పక్క పిహ్లయవెసి సరస్సులను విడదీస్తూ ఈ గట్టు సుమారు 7 కిలోమీటర్లు సాగుతుంది. కొన్నిచోట్ల అది ఎంత సన్నగా ఉంటుందంటే దాని మీద రోడ్డు తప్ప మరొకటి పట్టదు. సరస్సు ఒడ్డున పరుగెత్తాలని ఆశపడిన మనిషికి ఇక్కడ ఒకేసారి రెండు సరస్సులు దక్కుతాయి, పైగా ఎవరి పెరట్లోనూ అడుగుపెట్టవలసిన పని ఉండదు.

గట్టు మీద కాలికి అంత హాయిగా ఎందుకుంటుందో ఒక్క అడుగు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పైన రాలిన పైన్ ఆకుల పలుచని పరుపు ఉంటుంది. బూటు కొనతో దాన్ని పక్కకు నెడితే బూడిదరంగు ఇసుక బయటపడుతుంది. రాత్రంతా వాన కురిసినా నీరు ఇసుకలోకి ఇంకిపోతుంది కాబట్టి తెల్లారేసరికి దారి గట్టిగానే ఉంటుంది. జాగ్రత్త పడవలసింది వేర్ల విషయంలోనే. దారికి అడ్డంగా పాకిన పైన్ వేర్లు వేలమంది అడుగుల రాపిడికి నునుపుదేలి మెరుస్తుంటాయి. తడిసినప్పుడు వాటి మీద కాలు వేయకుండా దాటుకుంటూ పోవాలి.

దారి పక్కన మొలిచినదాన్ని బట్టి ముందున్న నేల ఎలాంటిదో చెప్పవచ్చు. తెల్లటి లైకెన్, ఎర్రని లింగన్‌బెర్రీ కనిపిస్తే అది పొడినేల. స్ప్రూస్ చెట్ల నీడలో నల్లని బిల్‌బెర్రీ పొదలు మొదలయ్యాయంటే తేమ పెరుగుతున్నట్టు. ఘాటైన వాసన వేసే సువొపుర్సు అనే మొక్క, గాలికి ఊగే తెల్లని దూదిగడ్డి ఎదురైతే అక్కడి నుంచి చిత్తడినేల. అందులో నాచు మీద వేసిన కాలు చీలమండ దాకా దిగుతుంది, తిరిగి పైకి లాగేటప్పుడు బూటు లోపలే ఉండిపోవచ్చు.

[తెర మీద: పటం దగ్గరి దృశ్యం. ఒక్కొక్క పేరు కింద గీత వెలుగుతుంది.]

ఇక పటం దగ్గరికి వద్దాం. ఫిన్లాండ్ భూ సర్వే సంస్థ తన స్థలాకృతి పటాల సమాచారాన్ని 2012లో అందరికీ ఉచితంగా తెరిచింది. ఆ పటాల మీది పేర్లే సగం దారి చెప్పేస్తాయి. పేరు చివర హర్యు అని ఉంటే గట్టు, సువొ అని ఉంటే చిత్తడి, నియెమి అంటే నీటిలోకి పొడుచుకొచ్చిన నేల, అంటే ముందుకు దారి లేని చోటు. లహ్తి అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన నీరు, దాన్ని చుట్టి రావలసిందే. సల్మి అంటే రెండు నీటి భాగాలను కలిపే సన్నని జలసంధి. వంతెన ఉండే అవకాశం ఎక్కడైనా ఉందంటే అది అక్కడే. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరుసగా హర్యు పేర్లు కనిపిస్తే, వాటిని కలుపుతూ ఒక బాట ఉందేమో తప్పక వెతకండి. పటం, దిక్సూచి సాయంతో అడవిలో దారి వెతుక్కుంటూ పరుగెత్తే ఓరియంటీరింగ్ ఆటకు వాడే పటం చేతికి వస్తే మాత్రం రంగుల విషయంలో పొరబడకండి: అందులో తెలుపు అంటే హాయిగా పరుగెత్తగల అడవి, ఆకుపచ్చ ముదిరే కొద్దీ పొదలు దట్టమై వేగం తగ్గుతుంది.

దారి ఆకారం గురించి ఒక్క మాట. ఈ సీమలో చుట్టుదారి కోసం పట్టుబట్టడం మంచిది కాదు. గట్టు ఒకే దిశలో సాగుతుంది కాబట్టి, ఒకే దారిలో వెళ్లి అదే దారిలో తిరిగి రావడం ఇక్కడ సహజమైన ఆకారం. 14 కిలోమీటర్లు పరుగెత్తాలనుకుంటే 7 వెళ్లి 7 రావాలి. వెళ్లేటప్పుడు కుడిచేతి వైపున్న సరస్సు వచ్చేటప్పుడు ఎడమచేతి వైపుకు మారుతుంది, వెలుగు మారుతుంది, అదే దారి అన్న విసుగు రాదు. చుట్టే కావాలని మనసు పీకితే, జలసంధుల దగ్గర లొస్సి అనే పసుపురంగు పడవలు ఉంటాయి. ప్రభుత్వ రహదారిలో భాగంగా నడిచేవి కావడంతో వాటికి టికెట్ ఉండదు. పరుగు మధ్యలో పడవ కోసం నిలబడటాన్ని మీ వాచీ ఒప్పుకోకపోవచ్చు కానీ, ఊపిరి తీసుకోవడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

చిత్తడి దాటవలసి వచ్చినప్పుడు జంట పలకలు వరుసగా పరిచిన పిత్కొస్‌పూత్ అనే చెక్కబాట ఉంటుంది. తడిగా ఉంటే దాని మీద నడవండి, పరుగు వద్దు.

[తెర మీద: ఒకే అడవి దారి, జూన్ అర్ధరాత్రి, తరువాత డిసెంబరు మధ్యాహ్నం.]

కాలం విషయానికి వస్తే, 1912 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన పరుగువీరుడు హన్నెస్ కోలెహ్మైనెన్ పుట్టిన క్వోపియో పట్టణాన్నే తీసుకోండి. అక్కడ జూన్ చివరిలో పగలు 20 గంటలు ఉంటే, డిసెంబరు చివరిలో 5 గంటలు కూడా ఉండదు. వేసవిలో ఇబ్బంది దోమలతోనూ, ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పిడుదులతోనూ వస్తుంది. ఈ పిడుదులు లైమ్ వ్యాధినీ, ఒక రకం మెదడువాపునూ మోసుకొస్తాయి. మెదడువాపుకు టీకా ఉంది, లైమ్‌కు మాత్రం పరుగు ముగిశాక మోకాళ్ల వెనుక, గజ్జల్లో వెతికి పిడుదును తీసేయడమే ఉపాయం. శరత్కాలంలో దుప్పి జాతికి చెందిన మూస్ వేట సాగుతుంది. ఆ రోజుల్లో అడవిలో నారింజరంగు చొక్కా వేసుకోవడం అలంకారం కాదు, వేటగాళ్లు కూడా ఒకరికొకరు కనబడటానికి అదే రంగు వేసుకుంటారు. చీకటి ముందుగా పడే నెలల్లో ఊరి పక్కనే రంపపుపొట్టు పరిచి, దీపస్తంభాలు నాటిన పురురత అనే పరుగుబాటలు ఆదుకుంటాయి. మంచు పడగానే వాటిలో చాలావరకు స్కీబాటలుగా మారిపోతాయి, అప్పుడు వాటి మీద కాలు పెడితే జనం చిరాకు పడటం న్యాయమే. అలాంటప్పుడు మంచు తీసిన మట్టిరోడ్డే గతి. అక్కడ ముళ్ల అడుగున్న బూట్లు, ఒంటి మీద రిఫ్లెక్టర్ ఉండాలి, వాహనాలకు ఎదురుగా రోడ్డుకు ఎడమ పక్కన సాగాలి. ఎక్కడ చిక్కుకున్నా ఫోన్ చేయవలసిన నంబరు 112. దానికి చెందిన ఫిన్నిష్ యాప్ ద్వారా ఫోన్ చేస్తే మీరున్న చోటు దానంతట అదే వారికి చేరుతుంది.

[తెర మీద: గడ్డకట్టిన సరస్సు. దూరంగా మంచు మీద నడుస్తున్న ఒక మనిషి.]

ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం మొదట మనం వదులుకున్న సరస్సు చుట్టు మళ్లీ సాధ్యమవుతుంది. చలికాలం ముదిరాక నీరే నేలవుతుంది, కుటీరాల పెరళ్లకు దూరంగా, మంచు మీదుగా ఒడ్డు వెంట సాగవచ్చు. గట్టి మంచు 10 సెంటీమీటర్లకన్నా తక్కువ ఉంటే నేనైతే దిగను. మందం తెలిసినా సల్మి అన్న పేరు కనిపించిన చోట దిగకూడదు. వేసవిలో వంతెన దొరికే ఆ ఇరుకుచోట నీరు అడుగున పారుతూనే ఉంటుంది, చుట్టుపక్కల ఎంత గట్టిగా ఉన్నా అక్కడి మంచు పలుచగా మిగులుతుంది. అటువైపు వెళ్లవలసి వస్తే ఒడ్డెక్కి, రోడ్డు మీదుగా తిరిగి వెళ్లండి. మంచు మీద ఉన్నంతసేపూ, నీటిలో పడితే అంచును గుచ్చి పైకి పాకడానికి పనికొచ్చే రెండు పిడి మేకులు మెడలో వేలాడుతూ ఉండాలి. వాటిని చొక్కా పైన వేసుకోవాలి, లోపల కాదు.