వాల్వు చావలేదు, సాకెట్ చచ్చింది!

రేడియో నెత్తిన ఒక్కటి వేయని ఇల్లు ఉందా, చెప్పండి! పాట మంచి పట్టులో ఉండగా గొంతు పూడుకుపోతుంది. నాన్న లేచి వచ్చి పెట్టె మీద అరచేత్తో ఒక్కటి కొడతాడు. మళ్లీ పాట వస్తుంది. మర్ఫీ అయినా, బుష్ అయినా, హెచ్‌ఎంవీ అయినా, వాల్వు సెట్టు, అంటే లోపల గాజు గొట్టాలు వెలిగే పాత రేడియో, ఉన్న ప్రతి ఇంట్లో ఇదే వైద్యం.

ఆ దెబ్బకు లోపల ఏం జరిగిందో ఎప్పుడైనా ఆలోచించారా? చచ్చిన వాల్వు చెంపదెబ్బకు బతికొస్తుందా? రాదు. వాల్వు అడుగున ఉండే పిన్ను కదిలింది. సాకెట్‌లో, అంటే వాల్వును గుచ్చే గూటిలో, ఉన్న రేకుకు తగిలింది. అంతే. మన నాన్నలు ముప్పై ఏళ్లపాటు కొట్టింది రేడియోను కాదండీ, సాకెట్‌ను. మీ వాల్వు చావలేదు, సాకెట్ చచ్చింది. ఈ మాట ఇవాళ మీ చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్తాను.

పోయిన వారం ఈ మాట అన్నందుకు రెండు రకాల వాళ్లు నా మీద పడ్డారు. ఒకరేమో, "అదంతా కాదు, వాల్వు వీక్ అయింది, కొత్తది వెయ్." ఇంకొకరు, "సాకెట్ పాడైతే పీకేసి సెరామిక్‌ది పెట్టు, బాగు చేయడం టైమ్ వేస్ట్." ఇద్దరిదీ తప్పే. మొదటి వాళ్లది డబ్బు తగలేసే తప్పు, రెండో వాళ్లది సెట్టును చంపే తప్పు.

మొదటి వాళ్లకు ఒకే ఒక్క ప్రశ్న. కొత్త వాల్వు వేశారు, రేడియో పలికింది. బాగుంది. ఆ పాత వాల్వును తిరిగి అదే సాకెట్‌లో పెట్టి చూశారా? ఎవరూ చూడరు! కొత్త వాల్వు పిన్నులు దూరేటప్పుడు సాకెట్ రేకు మీదున్న నల్లటి పొరను గీరేస్తాయి. గీరితే రాగి రంగు కనిపిస్తుంది, కరెంటు పారుతుంది, పాట వస్తుంది. పేరు కొత్త వాల్వుకు, నింద పాత వాల్వుకు. అసలు దొంగ సాకెట్‌లోనే కూర్చుని ఉంటాడు, ఆర్నెల్లకు మళ్లీ గొంతు పిసుకుతాడు. మన దగ్గర చెత్తబుట్టలో పడ్డ వాల్వుల్లో సగం ప్రాణంతో ఉన్నవే అని నా గట్టి నమ్మకం. సగం! బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు చేసిన వాల్వులు, ఎంత మంచి సరుకు, అలా పెంటకుప్పల పాలైపోయాయి. తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది నాకు.

లెక్క కావాలా? చూడండి. స్పీకరును పలికించే ఈఎల్ 84 అవుట్‌పుట్ వాల్వు ఉంది కదా, దాని ఫిలమెంటుకు, అంటే లోపల వేడెక్కే తీగకు, 6.3 వోల్టులు కావాలి, 0.76 ఆంపియర్ తాగుతుంది. సాకెట్‌లో రేకు వదులై, మసిపట్టి, ఒక్క ఓమ్ నిరోధం అడ్డం వచ్చిందనుకోండి. ఒక్క ఓమ్! ముప్పావు వోల్టు దాకా అక్కడే పోతుంది. వాల్వుకు అందేది ఐదున్నర చిల్లర. వాల్వు సరిగా వేడెక్కదు, గొంతు పీలగా వస్తుంది, అందరూ "వీక్ అయింది" అంటారు. కడుపుకు తిండి పెట్టకుండా బలం లేదంటే ఎలా? ఇంకా ఉంది. ఆ పోయిన కరెంటంతా దాదాపు అర వాట్టు వేడై ఆ చిన్న రేకు మీదే కూర్చుంటుంది. రేకు వేడెక్కితే స్ప్రింగు పట్టు వదిలేస్తుంది. పట్టు వదిలితే ఇంకా వేడెక్కుతుంది. ఇక దానికి అంతు లేదు.

ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసే యూ సిరీస్ సెట్లలో, అంటే వాల్వుల పేర్లు యూతో మొదలయ్యే వాటిలో, అయితే ఇంకా ఘోరం. యూఎల్ 84కు 45 వోల్టులు, యూవై 85కు 38 వోల్టులు, అన్ని ఫిలమెంట్లూ సీరియల్ బల్బుల్లా ఒకే దారిలో ఉంటాయి, అందరికీ కలిపి 100 మిల్లీ ఆంపియర్లే. ఎక్కడ ఒక్క పిన్ను వదిలినా దీపాలన్నీ ఆరిపోతాయి. ఆ వదిలిన సందు దగ్గర మెయిన్స్ వోల్టేజీ మొత్తం వచ్చి నిలుస్తుంది. చిటపటమని నిప్పురవ్వలు, చుట్టూ ఉన్న బేకలైట్, అదే ఆ పాతకాలపు గట్టి ప్లాస్టిక్, మాడిపోవడం. ఈ సెట్లలో ఛాసిస్ రేకుకు, అంటే అన్నీ బిగించిన చట్రానికి, నేరుగా మెయిన్స్ లైన్ తగిలి ఉంటుంది. ప్లగ్గు గోడ నుంచి తీసి, మీ చేతిలో పట్టుకున్నాకే లోపల వేలు పెట్టండి. పెద్ద కండెన్సర్లను ఒక రెసిస్టర్ ద్వారా ఖాళీ చేయండి. ఈ ఒక్క విషయంలో తొందరపడితే ప్రాణం పోతుంది.

ఇప్పుడు దొంగను పట్టుకుందాం. చచ్చిన నోవల్ వాల్వు ఒకటి తెచ్చుకోండి, తొమ్మిది పిన్నులది. దాని పిన్ను ఒకటి కత్తిరించండి. మిల్లీమీటరు మందం ఉంటుంది, బియ్యపుగింజంత ముక్క. పట్టకారుతో పట్టుకుని సాకెట్ రంధ్రాల్లో ఒక్కొక్క దానిలో దూర్చి తీయండి. మంచి రంధ్రం పిన్నును పట్టుకుంటుంది, లాగితేగానీ రాదు. చెడ్డ రంధ్రంలో అది వదులు పంటిలా ఊగుతుంది. మీ వేలికే తెలిసిపోతుంది, మీటరు అక్కర్లేదు. నా అనుభవంలో ఎక్కువగా వదిలేది నాలుగు, ఐదు. ఎందుకు? అవే ఫిలమెంటు పిన్నులు, ఎక్కువ కరెంటు మోసేవి అవే.

బాగు చేయడం ఎంతసేపండీ? కుట్టుపని సూది కావాలి. పైనుంచి రంధ్రంలో, రేకుకూ బేకలైట్ గోడకూ మధ్య సందులోకి సూది దింపి, రేకును లోపలికి వెంట్రుక మందం నొక్కాలి. వెంట్రుక మందం అన్నాను! పాత ఇత్తడి అప్పడంలా ఉంటుంది, అతి చేస్తే పుటుక్కున విరుగుతుంది. దానికి ముందు పళ్ల సందుల్లో తోముకునే సన్న బ్రష్ ఉంటుంది చూడండి, మందుల షాపులో దొరుకుతుంది, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రంధ్రాలు తోమాలి. పూర్తిగా ఆరనివ్వాలి. కుట్టు మిషను నూనె పోసేవాళ్లు ఉన్నారు. దండం పెడతాను, పోయకండి! గోధుమరంగు అట్టలా కనిపించే పాక్సోలిన్ సాకెట్ ఆ నూనెను పీల్చుకుంటుంది, దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది, మన కోస్తా తేమ తోడైతే 250 వోల్టులు దాని మీదుగా దారి చేసుకుంటాయి.

ఆ దారే కార్బన్ ట్రాకింగ్. అది వేరే జబ్బు, అక్కడ సూది పనిచేయదు. ఏసీని డీసీ చేసే ఈజెడ్ 80 రెక్టిఫయర్ వాల్వులో మూడో పిన్ను హైటెన్షన్, అంటే ఎక్కువ వోల్టేజీది, పక్కనే నాలుగోది ఫిలమెంటు. 6వీ6 లాంటి ఎనిమిది పిన్నుల వాల్వుల్లో రెండోది ఫిలమెంటు, మూడోది ఎక్కువ వోల్టేజీ ఉండే ప్లేటు. పక్కపక్కనే! వాటి మధ్య పెన్సిల్ గీతలాంటి నల్లటి గీత కనిపిస్తే అది మసి కాదు, బేకలైట్ బొగ్గయిపోయింది. మల్టీమీటరు పెడితే బాగానే ఉందని చెప్పొచ్చు, నమ్మకండి. దాని లోపల ఉన్నది చిన్న బ్యాటరీ. పూర్తి వోల్టేజీ పడ్డాకే ఆ గీత నిజస్వరూపం చూపిస్తుంది. పైపైన ఉంటే బొగ్గంతా గీకేసి వార్నిష్ పూయొచ్చు. లోతుగా పోతే, సరే, మార్చండి. పగిలినా మార్చండి. అప్పుడు నేనూ అడ్డుపడను.

కానీ ఎలా మారుస్తారో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక షాపుకు మా మేనమామగారి ఐదు వాల్వుల సెట్టు ఇచ్చాం. పాత సాకెట్‌ను పటకారతో పిప్పి చేసి పీకారు. కొత్త పింగాణీ సాకెట్ పెట్టారు, తళతళలాడుతోంది. నెల తిరక్కుండా అవుట్‌పుట్ వాల్వు గాజు అడుగున బీట. పైన అద్దంలా మెరిసే పూత పాలలా తెల్లబడిపోయింది. గాలి చొరబడిందన్నమాట. ఎందుకు బీటపడింది? సాకెట్ ఖాళీగా ఉండగానే సోల్డరింగ్ చేశారు! సాకెట్‌లో రేకులు కొంచెం కదిలేలా ఉండాలి. బిగువు తీగలు అతికేటప్పటికి అవి పక్కకు ఒరిగి గడ్డకట్టాయి. తర్వాత వాల్వు తోస్తే పిన్నులు వంగాయి, ఆ ఒత్తిడి గాజు మీద పడింది. సోల్డరింగ్ చేసేటప్పుడు సాకెట్‌లో ఒక చచ్చిన వాల్వు గుచ్చి ఉంచితే చాలు, రేకులన్నీ వాటి చోట్లో ఉంటాయి. ఒక్క చచ్చిన వాల్వు! అందుకే చచ్చిన వాటిని కూడా పారేయొద్దనేది.

మార్చాల్సి వస్తే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీయండి. కింద నుంచి చూస్తే, ఖాళీ సందు దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే వైపే లెక్క. కొత్తదాని సందు కూడా పాతదాని వైపే ఉండాలి. రివెట్లు డ్రిల్లుతో తీసేటప్పుడు స్టేషన్లు మార్చే రేకుల ట్యూనింగ్ గ్యాంగ్ మీద గుడ్డ కప్పండి, ఒక్క ఇనుప రజను ఆ రేకుల మధ్య పడితే ఇంకో రోగం. తర్వాత మూడు మిల్లీమీటర్ల బోల్టులు వేసి బిగించండి.

ఇప్పుడు ఇది చూడండి. నా చేతిలో ఉన్నది ఒక కామందుగారి "వీక్" ఈఎల్ 84. పారేయమని ఇచ్చారు. నాలుగో, ఐదో రంధ్రాలు ఇప్పుడే మీ ముందే నొక్కాను. పెడుతున్నాను. స్విచ్ వేశాను. ఫిలమెంటు ఎర్రబడుతోంది, కనిపిస్తోందా? ఒక అర నిమిషం. ముల్లు 738 కిలోహెర్ట్జ్ మీద ఉంది, ఆకాశవాణి హైదరాబాద్. పెట్టె మీద కొడుతున్నాను, ఇదిగో, ఇంకోసారి, గట్టిగా. ఎక్కడైనా గొంతు తెగిందా?