గళ్ల కాగితం మీద లంక ఊరు

గురువులందరికీ నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఏడాది వీడియో గేమ్ ప్రాజెక్టు తీసుకున్న టీములతో మాట్లాడమని నన్ను పిలిచారు. పోయినేడాది మేం నలుగురం కలిసి చేసిన ఆటలో ఊరినీ మనుషుల్నీ పిక్సెల్ ఆర్టులో, అంటే చిన్న చిన్న చదరపు చుక్కలతో, గీసింది నేను. అందుకని కోడింగ్ జోలికి పోకుండా బొమ్మల సంగతే చెబుతాను.

మా కథ చిన్నది. గోదావరి మధ్యలో ఒక లంక, వరద వస్తోంది. పడవ నడిపే తాత, ఆయన మనవరాలు కలిసి ఊళ్లోవాళ్లనీ గొడ్లనీ ఏటిగట్టు మీదికి చేర్చాలి. కథ ఖాయమైన రాత్రే నేను ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే టైల్స్, అంటే పక్కపక్కన పేర్చుకునే చదరపు బొమ్మ ముక్కలు, దించుకుని రెండు గంటల్లో ఊరు పరిచేశాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ అందులో ఉన్నవి మంచు దేశాల చెట్లు, పొగగొట్టాలున్న రాతి ఇళ్లు, వెనక కొండలు. మా టీములో ఒకమ్మాయిది కోనసీమలో లంక ఊరే. స్క్రీన్ చూసి, "ఇందులో మా ఊరెక్కడుందే?" అంది. మర్నాడు ఆ టైల్స్ అన్నీ తీసేశాం.

ముందు కొబ్బరిచెట్టు గీశాను. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న చెట్టే కదా అని ఇంట్లో కూర్చునే గీశాను. నిలువుగా గోధుమరంగు పట్టీ, దాని పైన ఆకుపచ్చ నక్షత్రం. చూసినవాళ్లు గొడుగు అన్నారు. అప్పుడు రేవుకి వెళ్లి గంటసేపు చెట్లనే చూస్తూ కూర్చున్నాను. గట్టు మీది చెట్టు నీటి మీదికి వంగి ఉంటుంది. లేత మట్టలు పైకి నిలబడతాయి, నడిమివి పక్కలకి చాచుకుంటాయి, పాతవి కిందికి వేలాడతాయి. గెలలుండే చోట నీడ ముద్దలా పేరుకుంటుంది. ఆ వంపు, వేలాడే రెండు పాత మట్టలు, ఆ నీడముద్ద పెట్టాక 32 పిక్సెల్స్ వెడల్పు, 48 ఎత్తులో అది కొబ్బరిచెట్టయింది. మాను మీది గాట్లు, ఈనెలు అన్నీ తీసేశాను, ఎవరికీ లోటు తెలియలేదు. ఏది వదిలేయొచ్చో ఆ గంట చూశాకే నాకు తెలిసింది. ఈ రోజు మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. సాఫ్ట్‌వేర్ వారంలో వస్తుంది. ఆసెప్రైట్ కొనలేకపోతే ఉచితంగా లిబ్రెస్ప్రైట్ ఉంది, బ్రౌజర్‌లోనే గీసుకోవడానికి పిస్కెల్ ఉంది. చూడ్డం మాత్రం రేవుకి వెళ్తేనే వస్తుంది.

వెనకటి దృశ్యం కూడా అంతే. మన డెల్టాలో కొండలు కనపడవు. అవతలి ఒడ్డున కొబ్బరితోటలు సన్నటి గీతలా ఉంటాయి, దాని పైనంతా ఆకాశమే. మా స్క్రీన్ 320 పిక్సెల్స్ వెడల్పు, 180 ఎత్తు. అందులో కింద గట్టుకి 48, అవతలి తోటలకి 24 ఇచ్చి, మిగతాదంతా ఏటికీ ఆకాశానికీ వదిలేశాను. దూరపు తోటల పొరని లేత నీలం కలిసిన ఆకుపచ్చలో గీసి, దగ్గరి పొర కన్నా నెమ్మదిగా జరిగేలా పెడితే ఏరు వెడల్పుగా అనిపించింది.

మనుషుల దగ్గరికి వద్దాం. 1981లో డాంకీ కాంగ్ ఆట కోసం మారియోని తయారు చేసినప్పుడు జపాన్ గేమ్ డిజైనర్ షిగెరు మియమోటో ఏం చేశారో చూడండి. అన్ని తక్కువ పిక్సెల్స్‌లో జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు, నోరు గీయాల్సిన పని లేకుండా మీసం పెట్టారు, చేతుల కదలిక తెలియాలని ఓవరాల్స్ తొడిగారు. మా తాత 16 వెడల్పు, 24 ఎత్తు. ఆయనకి తలగుడ్డ చుట్టాను, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టాను. అలా కడితేనే కాళ్లు కనపడి నడక తెలుస్తుంది. పడవ మీద గెడ వేసేవాళ్లు కట్టుకునేదీ అలాగే. మనవరాలికి రెండు జడలు. ఆమె పరుగెత్తి ఆగినప్పుడు జడలు ఒక ఫ్రేమ్, అంటే కదలికలో ఒక బొమ్మ, ఆలస్యంగా ఆగుతాయి. అంత చిన్న మార్పుతోనే పిల్లకి ప్రాణం వచ్చినట్టయింది.

నడకకి నాలుగు ఫ్రేములు చాలు: ఒక కాలు ముందుకి, కాళ్లు కలిసేది, రెండో కాలు ముందుకి, మళ్లీ కలిసేది. కాళ్లు కలిసినప్పుడు ఒంటిని ఒక్క పిక్సెల్ పైకి లేపండి. ఫ్రేముకి 120 మిల్లీసెకన్లు పెట్టాం. బురదలో నడక మాత్రం మొదట కుదరలేదు. అదే నడకని నెమ్మదిగా తిప్పితే తాతకి ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. సార్వా నాట్లు వేస్తున్న చేలో చూస్తే, బురదలోంచి కాలు తీసేటప్పుడు మోకాలు నిలువుగా లేస్తుంది, కాలివేళ్లు కిందికి వాలి ఉంటాయి. ఆ ఒక్క ఫ్రేమ్ మార్చి 240 మిల్లీసెకన్లు నిలిపితే సరిపోయింది.

పడవ గీయడం నాకు నేర్పింది మా అమ్మమ్మ. ఆమెది నరసాపురం పక్క పల్లె, చిన్నప్పట్నుంచీ లేసు అల్లింది. గళ్ల కాగితం మీద కొన్ని గళ్లు నింపి, కొన్ని వదిలేసి పువ్వు గీసుకుంటారు. నింపిన గడి వచ్చినచోట అల్లిక దట్టంగా వస్తుంది, వదిలిన గడి కన్నంగా మిగులుతుంది. సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని నేను పడవ అడుగు భాగం గీస్తుంటే కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "వంపు దగ్గర మెట్లు తప్పావే అమ్మా, లెక్కపెట్టు" అంది. మెట్టు అంటే ఒక్కో వరసలో పక్కపక్కన నింపిన గళ్లు. లెక్కపెడితే నా మెట్లు 6, 2, 4, 1 ఉన్నాయి. ఆమె చెప్పినట్టు 6, 4, 2, 1 చేయగానే పడవ నున్నగా తేలింది. వంపు ఎక్కడైనా మెట్లు వరసగా తగ్గాలి, లేదా వరసగా పెరగాలి. మధ్యలో ఎగుడుదిగుడైతే కంటికి గరుకుగా తగులుతుంది. ఈ సూత్రం తర్వాత పాఠాల్లో కూడా చూశాను గానీ, అమ్మమ్మ చెప్పినంత సూటిగా ఎక్కడా లేదు.

రంగుల విషయానికొస్తే, ఆట మొత్తానికి మేం 24 రంగులే పెట్టుకున్నాం. నీడ కోసం ఆకుపచ్చలో నలుపు కలిపితే చేను మురికిగా కనపడుతుంది. నీడవైపు నీలానికి, ఎండవైపు పసుపుకి జరపండి. ఏటికి నాలుగు రంగులు. ఎండాకాలంలో అవి నీలిపచ్చలు. వానలు మొదలై పైనుంచి ఎర్రనీరు దిగగానే ఆ నాలుగు రంగుల్నే మార్చేశాం. టైల్స్ అవే, కొత్తగా ఒక్క బొమ్మ కూడా గీయలేదు, ఏరు మాత్రం మారిపోయింది.

నీటిమట్టం పెరగడానికి మాకు లెక్క దొరికింది ధవళేశ్వరంలో. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. తాత 24 పిక్సెల్స్. ఆయన్ని ఆరడుగుల మనిషి అనుకుంటే అడుగుకి 4 పిక్సెల్స్. మొదటి హెచ్చరిక నుంచి రెండోదానికి 2 అడుగులు, అంటే 8 పిక్సెల్స్, అర టైలు. రెండు నుంచి మూడుకి 4 అడుగులు, అంటే సరిగ్గా 16, ఒక టైలు. టీవీలో విన్న ఆ అంకెలు తాత నడుము దాకా వచ్చిన నీళ్లుగా స్క్రీన్ మీద కనపడితే మా టీమంతా కాసేపు మాట్లాడలేదు. లంకల్లో పెరిగినవాళ్లకి ఆ నీళ్లేంటో తెలుసు.

ఇక్కడే పెద్ద తప్పు కూడా జరిగింది. ఎర్రనీరు, గట్టు మట్టి ఒకే ముదురులో పడ్డాయి. ఆడిన పిల్లలంతా గట్టనుకుని నీళ్లలోకి దిగిపోయారు. స్క్రీన్‌షాట్‌ని నలుపు తెలుపులోకి మార్చి చూస్తే రెండిటికీ తేడాయే లేదు. గట్టు అంచున లేత గడ్డి గీత ఒకటి, దాని కింద ముదురు గీత ఒకటి వేశాక సర్దుకుంది. మీరు మాత్రం వారానికొకసారి ఆ పరీక్ష చేయండి. ఎంత అందంగా గీసినా కాలు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఆడేవాళ్లకి టెన్షనే.

చివరగా, ప్రదర్శన రోజున మేం పడ్డ కష్టం మీరు పడకండి. ఆట తయారుచేసే గొడాట్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్చర్ ఫిల్టర్, అంటే బొమ్మని పెద్దది చేసి చూపించే పద్ధతి, మామూలుగా పక్క రంగుల్ని కలిపేసే లీనియర్‌లో ఉంటుంది. దాన్ని నియరెస్ట్‌కి మార్చకపోతే బొమ్మలన్నీ తడిసిన కాగితంలా మసకబారతాయి. 320ని 6 రెట్లు చేస్తే 1920 వస్తుంది, 180 కూడా 1080 అవుతుంది, బాగానే కుదురుతుంది. కానీ మేం చూపించిన మానిటర్లు 1366 వెడల్పు, 768 ఎత్తు. అక్కడ బలవంతంగా సాగదీస్తే కొన్ని పిక్సెల్స్ లావుగా, కొన్ని సన్నగా వచ్చి తాత నడుస్తుంటే మొహం వణికింది. 4 రెట్ల దగ్గర ఆపి చుట్టూ నల్ల అంచు వదిలేయండి. బొమ్మలు పీఎన్‌జీలోనే దాచుకోండి. జేపెగ్‌లో పెడితే 24 రంగులు వందలైపోతాయి.

మా పడవ, కొబ్బరిచెట్టు, తాత నడక ఫైళ్లు పొరలతో సహా మీ ల్యాబ్ మెషీన్లలో పెట్టాను. గేదె ఈదే బొమ్మ నా వల్ల కాలేదు, మెడ దగ్గర నీటి గీత కుదరలేదు. మీలో ఎవరింట్లోనైనా గేదెలుంటే, కాలవలోకి దింపినప్పుడు ఒకసారి వీడియో తీసి పంపండి. ఇద్దరం కలిసి గీద్దాం.